నాలుగు గోడలకూ వినబడాలి

గదిలో ఒక్క ముడి కూడా ఉండకూడదంది మంత్రసాని ఎర్సాంద్. ఆడవాళ్లు జడలు విప్పుకున్నారు, నడికట్లు సడలించుకున్నారు. మంచం తెరల తాళ్లు ఊడదీశారు, గోడవారనున్న పెట్టెల మూతలన్నీ ఎత్తి పెట్టారు. ముడి ఉన్నచోట కాన్పు ముడిపడుతుందని వాల్సెర్ కౌంటీలో ప్రతి ఆడదానికీ తెలుసు. ఇంక మూసి ఉన్నది తలుపొక్కటే. దాని అవతల ఇద్దరు మగవాళ్లు తెల్లవారినప్పటి నుంచి చెవులు రిక్కించుకుని కూచున్నారు.

"ఆవు ఈనుతుంటే కూడా ఇంత కాపలా ఉండదు. సిగ్గులేని జన్మలు," అని గొణుక్కుంది ఎర్సాంద్, చేతులకి నూనె రాసుకుంటూ.

ఆ కాపలా ఎందుకో కోటలో కుక్కకి కూడా తెలుసు. కౌంట్ తిబో దొర క్రిస్మస్ ముందు గుర్రం మీంచి పడి చనిపోయాడు. పిల్లల్లేరు. పెళ్లాం క్లెమాన్స్ దొరసానికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, నెలలు నిండిన కడుపుతో ఉంది. ఇప్పుడు పుట్టే బిడ్డ ఏడ్చి, ఆ ఏడుపు నాలుగు గోడలకూ వినబడిందా, ఆ బిడ్డే కౌంటు. తర్వాత అరగడియకే కన్ను మూసినా సరే, తల్లి బతికినంతకాలం కౌంటీ తల్లి చేతిలో, బ్రెస్సోల్ వంశం పేరు మీదే ఉంటుంది. ఏడవకుండా పోయిందా, చనిపోయిన దొర చెల్లెలు మాబీల్‌కి పోతుంది, అంటే ఆమె మొగుడి వంశం తూర్నెల్ వాళ్లకి. అందుకని తలుపు దగ్గర బ్రెస్సోల్ వాళ్ల దివాను రెనియే ఒకడు, తూర్నెల్ వాళ్ల సర్దారు ఫూల్క్ ఒకడు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం లేదు.

క్లెమాన్స్ కాన్పు పీట మీద వెనక్కి వాలి పళ్లు కొరుకుతోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మార్గరీతమ్మ పాట ఎత్తుకున్నారు. ఘటసర్పం కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటపడ్డ ఆ పునీతురాలి పాట పాడితే బిడ్డ కూడా అలాగే బయటపడతాడని నమ్మకం. పాట నీరసంగా సాగుతుంటే ఎర్సాంద్‌కి ఒళ్లు మండింది.

"ఏమ్మా, నొప్పులు ఆవిడ పడుతోంది, మీరు కాదు. మీ గొంతులకేమొచ్చింది? గట్టిగా పాడండి. ఆ తల్లికి పరలోకంలో వినబడొద్దూ?"

పాడారు. రాతిగోడలు దద్దరిల్లేలా పాడారు. ఆ హోరులో బిడ్డ తల కనబడింది, తర్వాత ఒక భుజం. బొడ్డుతాడు మెడకి చుట్టుకుని ఉంది. ఎర్సాంద్ చూపుడువేలు దూర్చి దాన్ని తప్పించింది. మగబిడ్డ. ఒళ్లంతా నీలంగా ఉంది. నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది, వెచ్చచేసిన ద్రాక్షసారాతో వీపు రుద్దింది, అరికాళ్ల మీద చరిచింది, ముక్కులోకి ఊదింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ ఊదింది. అప్పుడు బిడ్డ మొహమంతా ముడుచుకుని, నోరు తెరిచి ఏడ్చాడు.

సన్నటి ఏడుపు. మొదట గరగరమని, చివర్లో పైకి లేచి, ఆగిపోయింది. "ఆపండే, పాట ఆపండి," అని ఎర్సాంద్ అరిచింది. పాట ఆగేసరికి బిడ్డ మళ్లీ ఏడవలేదు. ఊపిరి మాత్రం తీస్తున్నాడు. అది నిలిచే ఊపిరి కాదని ఆమె అరచేతులకి తెలిసిపోయింది. పాదిరిని పిలిచే వ్యవధి లేదు. పక్కనున్న గిన్నెలోంచి నీళ్లు దోసిట్లోకి తీసుకుంది.

"తిబో, పితా పుత్ర పవిత్రాత్మల పేరిట నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను," అంటూ తండ్రి పేరే పెట్టి నెత్తిన పోసింది. నీళ్లు చల్లగా తగిలి బిడ్డ చిటికెన వేలు ముడిచాడు. మరి కాసేపటికి ఛాతీ ఎగరడం మానేసింది. క్లెమాన్స్‌కి ఇవేవీ తెలియవు. ఆమె స్పృహ తప్పి ఆడవాళ్ల చేతుల్లో వాలిపోయి ఉంది.

తలుపు తెరిచారు. ఫూల్క్ గడప దాటకుండానే అడిగాడు. "ఏడ్చాడా?"

"ఏడ్చాడు," అంది ఎర్సాంద్.

"నాకు పాటే వినబడింది."

"నాకు వినబడింది," అన్నాడు వెనకనుంచి రెనియే పెద్దగా. "కోడెదూడ అరిచినట్టు అరిచాడు నా దొర."

ఎర్సాంద్ అతని మొహంలోకి చూసింది. పీట పక్కనున్న ఆడవాళ్లలోనే సగం మందికి వినబడి ఉండదు. అంత మందం తలుపు అవతల ఇతగాడికి కోడెదూడ ఎలా వినబడిందో ఆ దేవుడికే ఎరుక. తనవైపు మనిషి అబద్ధం చెబుతున్నాడు, అవతలివాడు నిజం చెబుతున్నాడు. చంటివాడు ఇంకా ఆమె చేతుల్లో వెచ్చగానే ఉన్నాడు. వాడి మొహం వంక ఇద్దరిలో ఒక్కడైనా చూడలేదు.

పాదిరి వచ్చి, నీళ్లు నెత్తిన పడ్డాయా, మాటలు తప్పు లేకుండా చెప్పావా అని ఎర్సాంద్‌ని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుని, సాయంత్రం ప్రార్థన గంట కొట్టకముందే బిడ్డని చర్చి దక్షిణపు గోడ వార, దీవించిన నేలలో పూడ్చిపెట్టాడు.

మర్నాడు లేఖరి గోతియే ఎర్సాంద్ ఇంటికి వచ్చాడు. తూర్నెల్ వాళ్ల రాతకోతలన్నీ ఇతనే చూస్తాడు. నున్నటి మొహం, మెత్తటి మాట. ఎర్సాంద్ మొగుడు గారిన్ పీపాలు చేసేవాడు. వాకిట్లో చెక్క బిగించే గుర్రపుపీట మీద కూచుని ఓక్ చెక్కని చిత్రిక పడుతున్నవాడు లేచి నిలబడి టోపీ తీశాడు. ఎర్సాంద్ పొయ్యి మీది చిక్కుడుగింజల జావ కలుపుతూనే ఉంది.

"ఉపవాసకాలం కదా, మీ ఇంట్లో మాంసం వాసన రాదులే," అని నవ్వుతూ బల్ల మీద కూచున్నాడు గోతియే. "ఎర్సాంద్, శుక్రవారం సభ ఉంది. బిషపు గారి ఎదట ప్రమాణం చేసిన మంత్రసానివి నువ్వొక్కదానివే. నిన్ను అడుగుతారు."

"అడిగితే చెబుతాను. ఏడ్చాడు."

"చెప్పు. రెనియే విన్నానంటాడు, ఫూల్క్ వినలేదంటాడు. సభలో కూచునే దొరలందరూ నిన్న రాత్రి మా దొర బల్ల దగ్గరే భోంచేశారు. వాళ్లేమంటారో నీకు చెప్పక్కర్లేదు. బిడ్డ చచ్చి పుట్టాడని తీర్పు వస్తుంది. అప్పుడు నీ సంగతేమిటి?"

"నా సంగతా?"

"చచ్చి పుట్టిన బిడ్డకి జ్ఞానస్నానం ఇచ్చావన్నమాట. శవానికి. అది దైవద్రోహం. బిషపు గారి మనిషి అక్కడే ఉంటాడు. నిన్ను ఈ పనిలోంచి తీసేస్తారు, సంతలో బొండకొయ్యలో మెడ బిగించి నిలబెడతారు. అది నీ ఒక్కదానితో పోదు. ఆ బిడ్డని తవ్వి బయటికి తీయాలి. జ్ఞానస్నానం లేని శవం చర్చి గోడ లోపల ఉండకూడదు కదా. గోడ అవతల కందకం గట్టునే పెడతారు."

గారిన్ చేతిలో చెక్క కింద పెట్టేశాడు. ఎర్సాంద్ జావ కలపడం ఆపింది.

"రాత్రి కూచుని నీకోసమే ఆలోచించాను," అన్నాడు గోతియే, నిజంగానే ఉపకారం చేస్తున్నవాడిలా. "జ్ఞానస్నానానికి ఏడుపు అక్కర్లేదు. ప్రాణం ఉన్నట్టు ఏదో ఒక గుర్తు చాలు. వేలు కదిపాడను. కనురెప్ప ఆడించాడను. భూమికి మాత్రం ఏడుపు కావాలి. కాబట్టి, కదిలాడు గాని ఏడవలేదు. ఇంతే నువ్వు చెప్పాల్సింది. నీకేమీ కాదు, బిడ్డ ఉన్నచోటే ఉంటాడు, కౌంటీ చేరాల్సినచోటికి చేరుతుంది. పాము చావదు, కర్ర విరగదు."

"కర్ర మీ చేతిలోనే ఉందిగా బాబూ, ఎందుకు విరుగుతుంది?" అంది ఎర్సాంద్.

గోతియే నవ్వి లేచాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా గారిన్ టోపీ చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత లోపలికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆయన చెప్పినట్టు చెప్పవే."

"చెప్పను."

"నీకేమొచ్చిందే? మా తాత ఈ కౌంటీలో మోర్తెన్ వాళ్లకి పీపాలు చేశాడు. వాళ్లకి ఆడపిల్ల పుట్టి బ్రెస్సోల్ వాడు ఇల్లరికం వచ్చాడు, మా నాన్న బ్రెస్సోల్ వాళ్లకి చేశాడు. ఇప్పుడు తూర్నెల్ వాళ్లొస్తారు, నేను వాళ్లకి చేస్తాను. పీపా మారిందా? తాగేవాడు మారాడు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి?"

"దొర ఎవడైతే నాకెందుకయ్యా? గాడిదని కూచోబెట్టుకోమను. నేను విన్నదాన్ని వినలేదనమంటున్నాడు వాడు. నా చేతుల్లో ఏడ్చిన పిల్లాడు, నోరు తెరిచి నా మొహంలోకి ఏడ్చిన పిల్లాడు. వాడు చేసిందల్లా ఆ ఒక్క పనే. అది కూడా చెయ్యలేదనమంటున్నాడు."

"అయితే బొండలో నిలబడతావా?"

"నిలబడతాను."

"వాణ్ని తవ్వి కందకం గట్టున పడేస్తే?"

ఎర్సాంద్ పొయ్యి వైపు తిరిగింది. జావ అడుగంటింది. ఆ మాడిన జావే ఇద్దరూ తాగారు. కౌంటీ ఆడదాని కడుపులోంచి చేతులు మారుతుంది, ఆడదాని మాట మాత్రం వీళ్లకి కావాల్సినట్టు ఉంటేనే చెల్లుతుంది అనుకుంది ఎర్సాంద్. అన్నిటికంటే ఆమెని తొలిచేస్తున్నది ఇంకొకటి. గట్టిగా పాడండని గదమాయించింది తనే. నెమ్మదిగా సాగుతున్న పాటని సాగనిచ్చి ఉంటే తలుపు అవతల ఫూల్క్ విని ఉండేవాడు. నిజాయితీ గలవాడు, విన్నానని చెప్పి ఉండేవాడు.

గురువారం పొద్దున్నే క్యాబేజీ ఆకులు బుట్టలో పెట్టుకుని కోటకి వెళ్లింది. బిడ్డ పోయినా క్లెమాన్స్‌కి పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఒళ్లు కాలుతోంది. ఎర్సాంద్ చల్లటి ఆకులు నలిపి రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టింది. ఒక వరస చుట్టగానే ఆకుల కిందనుంచి పాలు ఊరి గుడ్డ తడిసింది. ఎర్సాంద్ దాని మీద ఇంకో వరస చుట్టింది.

"అందరూ వచ్చి అడుగుతున్నారు, ఏడ్చాడా లేదా అని," అంది క్లెమాన్స్. "నేను తల్లిని కదా, నేను విని ఉంటాననుకుంటున్నారు. నేను వినలేదు అత్తా. నాకు స్పృహే లేదు. నిన్నొకటి అడుగుతాను. ఎలా ఏడ్చాడు?"

"ఎలా అంటే?"

"అంటే ఎలా? గట్టిగానా, నెమ్మదిగానా? కోపంగా ఉన్నాడా? రెనియే కోడెదూడ అంటాడు. వాడి మాట నాకొద్దు."

ఎర్సాంద్ గుడ్డ కొస పట్టుకుని ఆగింది. ఈ రెండు రోజుల్లో పాదిరి అడిగాడు, లేఖరి అడిగాడు, దివాను అడిగాడు, రొట్టెల కొట్టు దగ్గర ఊరి ఆడవాళ్లంతా అడిగారు. ఎలా ఏడ్చాడని ఒక్కరూ అడగలేదు.

"సన్నగా ఏడ్చాడు తల్లీ. ముందు గొంతు గరగరమంది, జలుబు చేసినట్టు. తర్వాత చివర్లో పైకి లేచింది. కోపమే. నిద్రపోయేవాణ్ని లేపితే చిరాకు పడతారు చూడూ, అలా. కనుబొమలు ముడిచాడు. వాళ్ల నాన్న కనుబొమలే."

క్లెమాన్స్ గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఎర్సాంద్ ఆమె వీపు నిమిరింది.

కొంతసేపటికి ఆమె ఇటు తిరగకుండానే అంది. "రేపు సభలో ఏడవలేదని చెప్పు."

"ఏంటి తల్లీ?"

"గోతియే నా దగ్గరికీ వచ్చాడు. నువ్వు ఏడ్చాడన్నా వాళ్లు నమ్మరు. నమ్మకపోతే వాణ్ని తవ్వుతారు."

"నీ కౌంటీ పోతుంది."

"అది నాదెప్పుడు? మా అన్న తూర్నెల్ వాళ్లతో మాట్లాడేసుకున్నాడు. యోహాను పండక్కి నన్ను ఎవరికో ఇస్తాడట. ఆ పెళ్లికొడుకు పేరు కూడా నాకింకా చెప్పలేదు. నాకు ఆ గోడ వార ఉన్న జానెడు నేల చాలు. వాడు అక్కడే ఉండాలి."

"మార్గరీతమ్మ ఎముకల పెట్టె మీద చెయ్యి పెట్టి, ప్రమాణం చేసి అబద్ధం చెప్పమంటావా?"

"ఆ పాపం నాది."

"పంచుకుని తినడానికి పాపమేమన్నా రొట్టా తల్లీ?" అంది ఎర్సాంద్. క్లెమాన్స్ ఇటు తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. పసిదాని చెయ్యి, జ్వరంతో కాలుతోంది. ఆ చేతిని విడిపించుకుని మిగిలిన గుడ్డ చుట్టడానికి ఎర్సాంద్‌కి చాలాసేపు పట్టింది.

శుక్రవారం కోట పెద్ద హాల్లో సభ తీరింది. దొరలు వరసగా బల్లల మీద కూచున్నారు. మధ్యలో బిషపు గారి మనిషి, పక్కన చిన్న బల్ల దగ్గర గోతియే. హాలంతా ఎండుచేపల వాసన, తడిసిన బొచ్చు దుస్తుల వాసన. గోడకి బ్రెస్సోల్ వాళ్ల డాలు ఇంకా వేలాడుతూనే ఉంది గాని, దాన్ని దించడానికి నిచ్చెన ఒకటి తెచ్చి అప్పుడే పక్కన ఆనించి పెట్టారు. ఎర్సాంద్ ఆ నిచ్చెన వంక చూసింది. తీర్పుకి ముందే నిచ్చెన తెచ్చుకున్నవాళ్లు తనని దేనికి పిలిచినట్టు?

రెనియే లేచి మళ్లీ కోడెదూడ సంగతి చెప్పాడు. ఈసారి దానికి ఇంకాస్త గొంతు తగిలించాడు, బిడ్డ ఏడుపు మెట్లదాకా వినబడిందన్నాడు. దొరలు నవ్వారు. ఫూల్క్ లేచి, తనకి పాట తప్ప ఇంకేం వినబడలేదని, అబద్ధం చెప్పడం తనకి చేతకాదని చెప్పి కూచున్నాడు. గదిలో ఉన్న ఆడవాళ్లలో పెద్దావిడ ఒకామె ముందుకొచ్చి, తను పీట పక్కనే ఉన్నానని, ఏడుపు తన చెవులతో విన్నానని అంది.

"భూమి తగాదాల్లో ప్రమాణం చేసిన మంత్రసానిది తప్ప ఆడవాళ్ల సాక్ష్యం చెల్లదు," అన్నాడు గోతియే, రాస్తున్న కలం ఆపకుండా.

"నేను భూమి గురించి చెప్పడం లేదు బాబూ, బిడ్డ గురించి చెబుతున్నాను."

"కూచో అమ్మా."

ఆమె నలుగురిలో తల దించుకుని వెనక్కి వెళ్లింది. ఇంతలో ఎర్సాంద్ పేరు పిలిచారు. ముందుకి నడిచింది. ఎముకల పెట్టె తెచ్చి ఎదురుగా పెట్టారు. వెండి పెట్టె, చల్లగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టింది. ఈ చేత్తోనే ఆ బిడ్డ నోట్లో జిగురు తీసింది. ఉన్నదున్నట్టు అరిచి చెప్పి, ఈ దొరల మొహాల మీద కొట్టినట్టు చెప్పి, బొండలో నిలబడి ఊరంతా ఉమ్మేసినా ఊరుకోవాలనిపించింది. నిన్నటిదాకా అలాగే అనుకుంది కూడా.

"బిడ్డకి ప్రాణం ఉన్న గుర్తు ఏమైనా చూశావా?" అని అడిగాడు బిషపు గారి మనిషి.

"చూశాను. నీళ్లు పోస్తే చిటికెన వేలు ముడిచాడు."

"ఏడ్చాడా?"

హాలు చివర, తెర చాటున కుర్చీలో క్లెమాన్స్ ఉంది. బాలింత, లేవకూడదు. అయినా తీసుకొచ్చి కూచోబెట్టారు. తెర కింద ఆమె పాదాలు కనబడుతున్నాయి.

"లేదు," అంది ఎర్సాంద్.

"నీ చెవికి ఏ చప్పుడూ వినబడలేదా?"

"నా చెవికి ఏమీ వినబడలేదు."

గోతియే అది రాసుకున్నాడు. రెనియే 'ముసలిముండ అమ్ముడుపోయింది' అన్నాడు, అందరికీ వినబడేలా. ఎర్సాంద్ ఆ మాట విని కూడా తల తిప్పలేదు. కోట మెట్లు దిగుతుంటే వెనకనుంచి గబగబా ఫూల్క్ వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"అమ్మా, నేను నిజమే చెప్పాను. పాటే వినబడింది."

"తెలుసు బాబూ. నువ్వు నిజమే చెప్పావు," అంది ఎర్సాంద్. "నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే." అతనికి ఆ మాట సంతోషం కలిగించినట్టు లేదు. ఇంకేదో అడగబోయి మానుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆమె ఇంటికి పోయి చేతులు బూడిదతో తోముకుంది, మళ్లీ తోముకుంది. గారిన్ ఇంకో చెంబు నీళ్లు తెచ్చి పోశాడు.

ఈస్టర్ వెళ్లిన వారంలో క్లెమాన్స్‌ని అన్నగారి మనుషులు గుర్రాల పల్లకీలో తీసుకుపోయారు. పోతూ పోతూ చర్చి దగ్గర పల్లకీ ఆపమని చెప్పి, దిగి, దక్షిణపు గోడ వారకి నడిచి వెళ్లి వచ్చింది. కోట మీద తూర్నెల్ వాళ్ల జెండా ఎగిరింది. అదే వంటవాళ్లు, అదే గుర్రపువాళ్లు, రెనియే కూడా అదే దివానుగిరీలో ఉన్నాడు. కొత్త దొర ఎదట మోకరిల్లి, తన చేతులు దొర చేతుల్లో పెట్టి విధేయత ప్రమాణం చేశాడట. కోడెదూడ మాట ఎత్తేవాడు లేడు. గారిన్‌కి కొత్త పీపాల పని దొరికింది.

ఆ మర్నాడే కోట నుంచి ఎర్సాంద్‌కి కబురొచ్చింది.

కొత్త దొరసాని మాబీల్ అదే గదిలో ఉంది, అదే పొయ్యి దగ్గర కూచుని. ముప్ఫై దాటిన మనిషి, అన్నగారి కనుబొమలే ఈమెవీ. గౌను ముందు భాగం ఎత్తుగా ఉంది. ఎర్సాంద్ చూడగానే లెక్క కట్టేసింది, ద్రాక్షకోతల వేళకి కాన్పు. కిటికీ పక్కన గోతియే నిలబడి ఉన్నాడు.

"దొరసాని గారికి ఇంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు," అన్నాడు గోతియే. "ఈసారి జాగ్రత్త కావాలి. కౌంటీ దొరసాని రక్తం వైపునుంచి వచ్చింది కదా, మా దొర రక్తం వైపునుంచి కాదు. బిడ్డ పుట్టి, ఏడుపు నాలుగు గోడలకూ వినబడితేనే మా దొరకి ఇక్కడ కాలు నిలుస్తుంది. దేవుడు అలా చెయ్యకూడదు గాని, కాన్పులో దొరసాని గారికి ఏమన్నా అయి బిడ్డ ఏడుపు కూడా వినబడకపోతే, ఆ మోర్తెన్ వాళ్ల మనవడెవడో ఉన్నాడు, వాడొచ్చి కూచుంటాడు. కాబట్టి నువ్వు దగ్గరుండాలి. అవసరమైతే సభలో చెప్పాలి."

"ఏం చెప్పాలి బాబూ?"

"విన్నది చెప్పాలి. అంతే కదా."

"నాకు వినబడదు కదా," అంది ఎర్సాంద్.

"ఏంటి?"

"బిడ్డల ఏడుపు నా చెవికి వినబడదు. పునీతురాలి ఎముకల మీద చెయ్యి పెట్టి అందరి ముందూ చెప్పాను. మీరే రాసుకున్నారు. చేతుల్లో ఉన్న బిడ్డ ఏడుపు వినని మంత్రసాని, రేపు వచ్చి విన్నానంటే ఎవరు నమ్ముతారు? పోనీ, దీని చెవి మంచిదే అంటారా, అయితే మొన్న చెప్పిందేంటని ఆ మోర్తెన్ వాళ్లు అడగరూ?"

గోతియే నున్నటి మొహం మీద రంగు దిగిపోవడం ఎర్సాంద్ కళ్లారా చూసింది. చూసినందుకు ఆమెకి బాగానే అనిపించింది, దాచుకోలేదు కూడా. మాబీల్ మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "నువ్వు బయటికి వెళ్లు గోతియే," అంది.

తలుపు పడింది. మాబీల్ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"మా అన్న కొడుకు. ఏడ్చాడా?"

"సభలో అడిగారు దొరసానీ, చెప్పాను."

"నేను అడుగుతున్నాను. ఇక్కడ ఎవరూ లేరు."

"ఇక్కడ ఎవరూ లేనప్పుడు అడిగేదానికి, నలుగురిలో అడిగేదానికి జవాబు ఒకటే ఉండాలి. అలా లేకుండా చేసింది మేం కాదు," అంది ఎర్సాంద్. "మీ వదినగారు ఎలా ఏడ్చాడని అడిగింది. ఆమెకి చెప్పాను. మీకు చెప్పను."

మాబీల్ కోప్పడుతుందనుకుంది. కోప్పడలేదు. పెదవులు పాలిపోయి కూచుంది. దొరసానిలా లేదు, కాన్పు భయం పట్టుకున్న ఏ ఆడదానిలాగైనా ఉంది. ఆ భయం ఎర్సాంద్‌కి కొత్త కాదు. రోజూ చూసేదే. వద్దనుకున్నా మనసు కరిగింది.

"నొప్పులు రాగానే కబురు పంపండి, వస్తాను," అంది. "అర్ధరాత్రి అయినా వస్తాను. మీకూ మీ బిడ్డకీ ఈ చేతులతో ఏం చెయ్యాలో అన్నీ చేస్తాను. దాన్లో వంక పెట్టలేరు. విన్నావా, వినలేదా అని మాత్రం ఏ సభలోనూ నన్ను అడగొద్దు. ఇంక ఆ మాట నా నోట రాదు."

"మరి తలుపు బయట నిలబడ్డవాడికి వినబడకపోతే?"

"వినబడకపోతే వినలేదంటాడు దొరసానీ. ఫూల్క్ సర్దారు నిజాయితీ గల మనిషి," అంది ఎర్సాంద్, బుట్ట చేతికి తగిలించుకుంటూ.